నేనేం జబర్దస్తి చేస్తలేను

మార్చి 24

ఈ డైరీ బట్టల దుకాణపోళ్ళు ఇచ్చింది. గిరాకీల కొలతలు రాసుకుందామని దాసిపెట్టిన. కొలతలు పాత బుక్కులనే రాసుకుంటగని, దీంట్ల నా లొల్లి రాసుకుంట. ఎవలకు చెప్పుకోవాలె మరి? మా ఆయన భీవండిల బట్ట నేసే సాంచాల మీద పని. ఫోన్ చేస్తే ఎనుక సాంచాల చప్పుడే, నా మాట ఆయనకు సగం, ఆయన మాట నాకు సగం. అత్తకు చెప్తే గల్లీకంత చెప్పినట్టే.

వర్షిత టెన్త్ పరీక్షలు నడుస్తున్నయి. పిల్ల మంచిగనే రాస్తున్నది. పిల్లకు లేని పరేషాన్ నాకున్నది. ఎవలొచ్చినా ఒక్కటే అడుగుడు: "ఏ గ్రూపు తీసుకుంటది?" జాకెట్లు కుట్టియ్యనీకొచ్చినోళ్ళు అడుగుతరు, పాలాయన అడుగుతడు. మా అత్త కొండవ్వయితే, "గ్రూపంటే మన మహిళా సంఘం గ్రూపేనా? పిల్లకు అప్పుడే లోన్ ఇస్తరా?" అన్నది. నవ్వొచ్చి సూది ఏలికి గుచ్చుకున్నది.

ఏ గ్రూపేంది, బైపీసీ. అడిగేదేమున్నది.

నేనేం జబర్దస్తి చేస్తలేను. పిల్లకు సైన్సుల మంచిగొస్తయి, అందుకే.

ఏప్రిల్ 6

ఇయ్యాల మళ్ల వర్షిత నోరు లేశింది. బ్యాంకు మేడం జాకెట్ బిగుతైందని వాపస్ పట్టుకొచ్చింది. నాదే తప్పన్నట్టు నలుగురి ముంగట లొల్లి. నేను "విప్పి మళ్ల కుడ్త మేడం" అంటనే ఉన్న. లోపల సోషల్ చదువుకునేది చదువుకోక ఈమె బయటికొచ్చింది.

"మేడం, మీరిచ్చిన కొలత జాకెట్ ఇగో. మా అమ్మ కుట్టింది ఇగో. ఒకదాని మీద ఒకటి పెడ్తున్న, మీరే చూడున్రి. ఇసుమంత తేడా ఉన్నా మా అమ్మ పైసల్లేకుంట ఊకెనే కుట్టిస్తది. లేకుంటే తప్పు కొలత జాకెట్‌ది."

తేడా లేదు. అప్పుడన్న ఊకోవాలె గద. "ఇది ఎప్పటి జాకెట్ మేడం?" అని అడిగింది. మేడం పెండ్లినాటిదట అది! బెంచి మీద కూసున్నోళ్ళు కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన్రు. మేడం మొఖం మాడిపోయింది గని కుట్టుకూలి ఇచ్చే పోయింది.

నేను తిట్టిన. గిరాకీ పోతే ఎట్ల? ఆడపిల్లకు అంత నోరేంది? అత్త మాత్రం మంచంల కూసోని, "నా మన్మరాలు మాట్లాడితే కచ్చేరిల మాట్లాడినట్టే ఉంటది" అని మురుస్తున్నది.

నిజం రాయాలంటే నాక్కూడ కడుపు నిండినట్టయింది. తిట్టుడు మాత్రం తిట్టాలె.

ఏప్రిల్ 17

పరీక్షలు ఒడిసినయి. తమ్ముడు అరుణ్ వచ్చిండు.

లెక్చరర్ అని పేరేగని, ఎండకాలం వచ్చిందంటే వాడు బండేసుకొని ఊర్ల పొంటి తిరుగుడే. పొద్దంత నంగునూరు దిక్కు తిరిగొచ్చిండట, మొఖం నల్లగ కమిలిపోయింది. ఒక్కో లెక్చరర్ ఇంతమంది పిల్లల్ని తెచ్చి చేర్పియ్యాలెనట, లేకుంటే జూన్ల రావద్దంటరట. సగం గూడ కాలేదట. బాటనీ చెప్పమని తీసుకొని బజార్ల తిప్పుతున్నరు, ఏం కాలేజో ఏమో.

అన్నం తినుకుంట అన్నడు. "అక్కా, నేను ఊరోళ్ళ కాళ్ళు మొక్కినంత పని చేస్తున్న. వాళ్ళేమడుగుతున్నరో ఎరికేనా? సార్, మీ సొంత మేనకోడల్ని ఏడ చేర్పిస్తున్నరు అని అడుగుతున్నరు."

వాని కంచంల ఇంకింత కూర ఏసిన. "నీ కాలేజీల గాక ఇంకేడ చదువుతదిరా వర్షిత" అన్న.

"బైపీసీల ఏస్త. నేనే చెప్త గద బాటనీ. డాక్టరే కావాలని ఏం లేదక్కా, ములుగుల ఫారెస్ట్రీ కాలేజున్నది, తోటల యూనివర్సిటీ ఉన్నది. మస్తు దారులున్నయి."

వర్షిత చెయ్యి కడుక్కుంట, "మామా, నేను సీఈసీ తీసుకుంట" అన్నది.

అరుణ్ నవ్విండు. "అది లెక్కలు, సైన్సు రానోళ్ళు తీసుకునే గ్రూపే పిచ్చిదానా."

"నాకు రెండూ వస్తయి. వచ్చినోళ్ళు తీసుకోవద్దని యాడన్న రాసున్నదా మామా?"

సీఈసీ! టెన్త్ ఎట్లనో గట్టెక్కినోళ్ళు, ఏ సీటు దొరకనోళ్ళు తీసుకునేది. గల్లీల ఏమని చెప్పుకోవాలె? మెరిట్ పిల్లని ఇన్నొద్దులు చెప్పుకున్న నోరుతోని ఇప్పుడు సీఈసీ అని ఎట్ల చెప్పాలె?

ఏప్రిల్ 18

మాట్లాడలే. ఆమె గూడ మాట్లాడలే.

ఏప్రిల్ 20

"అమ్మా, మిషన్ ఆపు. కూసో. మాట్లాడాలె" అని నాకు కుర్చేసింది. నా ఇంట్ల నాకు కుర్చేసుడు!

వకీలు కావాలెనట. ఇంటర్ అయినంక పరీక్ష రాస్తే ఐదేండ్ల లా కోర్సు ఉంటదట. సీఈసీల సివిక్స్, ఎకనామిక్స్ చదివితే ముందుకు అక్కరకొస్తయట. ఎప్పుడు పుట్టిందే ఈ బుద్ధి అంటే, "నాయినమ్మ పింఛన్ అప్పుడు" అన్నది.

నిరుడు ముచ్చట. అత్త వేలిముద్ర మిషన్ల పడ్తలేదని పింఛన్ ఆగింది. మేము ముగ్గురం పింఛన్ ఆఫీసుకు పోయినం. నేను గోడకు నిలబడ్డ. ఈమె బల్ల కాడికి పోయి, "సార్, మా నాయినమ్మ వేళ్ళు బట్ట నేసి నేసి అరిగినయి. వేలు అరిగింది గని మనిషి అరగలే, మీ ముంగటనే ఉన్నది, చూసి రాసుకోన్రి" అన్నది. ఆ సారు పెన్ను కింద పెట్టి నవ్విండు. కండ్లు చూసే మిషన్ తెప్పిచ్చిండు. అయిపోయింది పని.

"ఆ రోజు బయటికొచ్చినంక నా కాళ్ళు వణికినయమ్మా. భయంతోని కాదు. ఇసోంటి పనే చెయ్యాలె అనిపిచ్చింది" అన్నది.

ఊకుంటే ఓడిపోయినట్టు. అందుకే అడిగిన, "ఆ లా కోర్సుకు సీఈసీనే ఉండాల్నా?"

"లేదు. ఏ గ్రూపైనా నడుస్తది."

"ఏ గ్రూపైనా నడిస్తే బైపీసీ నడువదా? రెండేండ్లు బైపీసీ చదువు. డాక్టర్ అయినవా, సరే. కాలేదా, అప్పుడు వకీలువు కా."

పిల్ల నోరు తెరిచి చూసింది. పుట్టినకాంచి మొదటిసారి నా చేతుల మాటల్ల ఓడింది. "అమ్మా, గిది చీటింగ్" అన్నది. నవ్వుకుంటనే అన్నది. నవ్విందంటే ఒప్పుకున్నట్టే.

నేనేం జబర్దస్తి చేస్తలేను.

ఏప్రిల్ 30

రిజల్ట్ వచ్చింది. ఐదు వందల నలభై దాటినయి! గల్లీకంత పేడాలు పంచిన. అరుణ్ ఫోన్ల ఎగిరి గంతేసినట్టే మాట్లాడిండు. మా ఆయన పక్క సాంచా ఆయనకు గూడ ఫోన్ ఇచ్చి చెప్పిచ్చుకున్నడు.

సైన్సు కంటే సోషల్ల ఎక్కువొచ్చినయి. ఆ ముచ్చట నేను ఎవలకు చెప్పలే.

మే 19

బడికి పోయి వర్షిత టీసీ, మెమో తెచ్చిన. పిల్ల ఇంట్ల లేదు, షారోన్ వాళ్ళింటికి పోయింది. ఒకటో తరగతికాంచి ఇద్దరిదీ ఒక్కటే బెంచి.

అరుణ్ బడి గేటు కాడనే బండి మీద ఉన్నడు. సీటు ఆపాలంటే ఒరిజినల్స్ కాలేజీల పెట్టాలెనట, అందరు అట్లనే పెడ్తరట. ఇచ్చిన. వాకిట్లకొచ్చిన ముత్తయిదువకు బొట్టు పెట్టి జాకెట్ ముక్క ఇచ్చినట్టు ఇచ్చేసిన. మళ్ల ఇస్తరా, ఎప్పుడిస్తరు, ఒక్క మాట అడగలే. సొంత తమ్మున్ని ఏమడుగుత?

పిల్లను అడిగినంకనే ఇచ్చిన.

అంటే, అడుగుదామనుకున్న. మొన్నటికాంచి అనుకుంటనే ఉన్న.

మే 22

తెలిసింది.

వర్షిత, షారోన్ కలిసి సర్కారు ఆడపిల్లల కాలేజీకి పోయిన్రట, సీఈసీల చేరనీకి. టీసీ పట్టుకరాన్రి అన్నరట. బడికి ఉరికిన్రట. "మీ అమ్మ మొన్ననే తీసుకపోయింది గదా" అన్నరట ఆడ. షారోన్ ముంగట.

ఎండల నడుసుకుంట వచ్చింది. "అమ్మా, నా టీసీ ఏది?"

"మామ దగ్గరున్నది."

"నన్నెందుకు అడగలే?"

"అడిగితే నువ్వు వద్దంటవు గద!"

నోట్లెకెల్లి ఎట్లొచ్చిందో వచ్చింది. పిల్ల నన్నే చూసుకుంట నిలబడ్డది. ఇగ షురూ చేస్తది లొల్లి, ఏమని జవాబు చెప్పాలె అని నేను లోపల మాటలు కూడేసుకుంటున్న.

"సరే, బైపీసీనే" అన్నది. కుండల నీళ్ళు ముంచుకొని తాగింది. లోపలికి పోయి పండుకున్నది.

లొల్లి పెట్టలే. మంచిదే అయింది. అర్థం చేసుకున్నది.

జూన్ 3

కాలేజీ మొదలైంది. కొత్త డ్రెస్సు నేనే కుట్టిన, ఒక్క కుట్టు తప్పుపోకుంట. వాకిట్ల నిలబెట్టి దిష్టి తీసిన. అరుణ్ బండి మీద ఎక్కి పోయింది. ఎనుకకు తిరిగి చెయ్యి ఊపుతదని చూసిన.

జూన్ 11

బాటనీ బొమ్మలు ఎన్నో గీయాలెనట. పిల్లకు టైం దొరుకుతలేదు. పొద్దున పోతే దీపాలు పెట్టే యాళ్లకొస్తది. నేను గీస్త తియ్యి అన్న. "గీయి" అని నోట్సు నా ముంగట పెట్టింది.

మందార పువ్వు నిలువు కోత. మా దొడ్లె పువ్వునే బ్లేడుతోని కోసి ముంగట పెట్టుకొని గీసిన. అండాశయం, కేసరాలు, పుప్పొడి. ఇప్పుడన్ని ఇంగ్లీషుల రాయాలె, పుస్తకం చూసి రాసిన. పెన్సిల్ మొన చెక్కుకుంట, మొన చెక్కుకుంట, ఏండ్లకేండ్లు ఎనుకకు పోయినట్టయింది. ఫస్టియర్ల మా మేడం నా బొమ్మలనే క్లాసంత తిప్పి చూపిచ్చేది. సంధ్య గీసిన గీత చూడున్రి, చెరిపిన జాడ లేదు అనేది. ఫస్టియర్ అయిందో లేదో లగ్గం పెట్టుకున్నరు. సెకండియర్ పుస్తకాలు కొన్న, అట్టలు గూడ వేయలే. ఎవలకిచ్చిన్రో ఆ పుస్తకాలు.

ఇదంత నా గురించి కాదు. పిల్లకు టైం లేదని గీస్తున్న.

ఇయ్యాల మాత్రం మిషన్ మీద కూసోబుద్ధి కాలే. ఇంకో నాలుగు బొమ్మలు గీసిన. ఇయ్యాల్టియి కానియి గూడ.

జూన్ 19

మా ఆయన ఫోన్ చేసిండు. "పిల్ల ఏంది, మంచిగున్న బాపు అని పెట్టేస్తున్నది? నాతోని కొట్లాడక నెల కావొస్తున్నది" అన్నడు. ముందు ఇద్దరికీ ఫోన్ల పెద్ద పంచాయితే నడిచేది. భీవండి మంచిదా సిద్దిపేట మంచిదా, సాంచాపని ఎన్నేండ్లు చేస్తవు, యూనియన్ల ఎందుకు మాట్లాడవు అని అడిగి అడిగి ఆయనను సతాయించేది.

"పెద్దగైతున్నది. చదువు బరువు" అన్న.

అత్త అన్నది, "ఇంట్ల రేడియో ఖరాబైనట్టే ఉన్నది. జెర బాగు చేపియ్యరాదు?"

ఏం రాదు నాకు.

జూన్ 27

పరీక్ష పెట్టిన్రట. వర్షితకు క్లాసుల రెండో నంబరు! అరుణ్ పేడాలు పట్టుకొచ్చిండు. "చూసినవా అక్కా? ఈ పిల్ల సీఈసీల మురుగుతుండె" అన్నడు. పిల్లకు పేడా ఇచ్చిన. తిన్నది. ఇంకోటి ఇచ్చిన. తిన్నది. వద్దని గూడ అనలే.

మార్కులు మంచిగొచ్చినయి. నేను ఖుషీ కావాలె. ఖుషీగనే ఉన్న.

జూలై 4

బ్యాంకు మేడం మళ్ల వచ్చింది. పట్టు చీరె మీది జాకెట్, చేతుల కాడ మొన్న ఆమె చెప్పినట్టే పొడుగు పెట్టిన. ఇయ్యాల "నేను పొట్టియి చెప్పిన, గుడ్డ ఖరాబు చేసినవు, కొత్త గుడ్డ తెచ్చియ్యి" అని లొల్లి. నేను కాదంటున్న, ఆమె అవునంటున్నది. ఆమె గొంతు పెద్దది. "చదువురానోళ్ళకు ఇస్తే గిట్లనే ఉంటది" అన్నది. బెంచి మీద ఇద్దరు గిరాకీలు.

వర్షిత ఆడనే గడపల కూసోని జువాలజీ చదువుతున్నది. అన్ని ఇన్నది. ఆ మేడం పొడుగు చేతులని చెప్పిన రోజు ఈమె గూడ ఉన్నది. నేను ఈమె దిక్కు చూసిన. చూసి, "వర్షీ, ఆ రోజు మేడం ఏం చెప్పిందే?" అన్న.

తల ఎత్తింది. కోపం లేదు మొఖంల. ఏం లేదు.

"నాకు తెల్వదమ్మా. అది సిలబస్ల లేదు."

మళ్ల పుస్తకంల చూసుకున్నది.

మేడంకు కొత్త గుడ్డ తెచ్చిస్త అని ఒప్పుకున్న.

జూలై 5

మిషన్ తొక్కుడు ఆపితే ఇల్లంత సప్పుడు లేదు. తొక్కుకుంటనే ఉన్న. దారం లేకుంట గూడ కొంచెం సేపు తొక్కిన.

జూలై 6

బూతులు తిట్టినా బాగుండు. కంచం ఇసిరికొట్టినా బాగుండు. పదిహేనేండ్లు నోరు ముయ్యి, నోరు ముయ్యి అని మొత్తుకున్న. ఇప్పుడు మూసింది. ఇగ చూసుకో సంధ్యా, నీ ముచ్చట తీరింది.

నేనేం జబర్దస్తి చెయ్యలే అని ఇన్నిసార్లు ఎవలకోసం రాసుకున్న? ఈ డైరీ నన్ను అడిగిందా?

జూలై 8

అరుణ్‌ను పిలిచి చెప్పిన, కాయిదాలు వాపస్ తెచ్చియ్యిరా, పిల్ల సీఈసీల చేరుతది అని. వాని మొఖం పాలిపోయింది.

"అక్కా, పిల్లకు రెండో నంబరొచ్చింది. ఇప్పుడేమైంది?"

"ఏం కాలేదురా. అదే బాధ."

"వర్షిత పోతే నా పేరు పోతది. సొంత మేనకోడలే ఉంటలేదు, ఊరోళ్ళ పిల్లలేడుంటరు అంటరు. నా నౌకరి మీదికొస్తది. నువ్వు నా అక్కవేనా?" అన్నడు. కండ్లల్ల నీళ్ళు తెచ్చుకున్నడు.

చిన్నప్పుడు వాన్ని చంకల ఎత్తుకొని తిప్పిన నేను. వాడు నీళ్ళు తీస్తే నాకు ఆగదు. అయినా అన్న, "అక్కనే. అమ్మను గూడ."

చాయ్ తాగకుంట పోయిండు.

జూలై 9

కాలేజీకి ఒక్కదాన్నే పోయిన. ప్రిన్సిపాల్ సారు మంచి కుర్చీల కూసోపెట్టిండు. "అమ్మా, మధ్యల ఎట్లిస్తం? రెండేండ్లు ఒడిసినంకనే. అయినా మీరే ఇచ్చిన్రు, మీ తమ్మునితోని పంపిన్రు. పిల్ల ఫస్ట్ క్లాస్ చదువుతున్నది. మీరు పరేషాన్ కాకున్రి" అన్నడు. చాయ్ తెప్పిచ్చిండు. తాగిన. దండం పెట్టి వచ్చిన. గేటు దాటినంక యాదికొచ్చింది, నేను వచ్చిన పని ఒక్కసారే చెప్పిన, ఆయన పది మాటలు చెప్పిండు, అన్నిటికి తల ఊపిన.

బజారు చేసుకొని దీపాల యాళ్లకు ఇంటికొచ్చేసరికి వర్షిత గడపల కూసోని చదువుతున్నది. పక్కన కూసున్న. కుర్చీ ఎయ్యలే, గడప మీదనే.

"వర్షీ, నాకో పని చేసిపెడ్తవా? ఒక కేసున్నది."

పుస్తకంలకెల్లి చూడలే. "ఎవలిది?"

"ఒకామెది. తమ్మున్ని నమ్మి బిడ్డ కాయిదాలు కాలేజోళ్ళకిచ్చింది. ఇప్పుడు వాళ్ళు ఇస్తలేరు."

పేజీ తిప్పే చెయ్యి ఆగింది. "ఇచ్చేటప్పుడు బిడ్డను అడిగిందా?"

"అడగలే."

"ఎందుకు?"

"అడిగితే వద్దంటదని తెలుసు. ఆమెకు బైపీసీ మీద ఎన్నటిదో కోరికుండె. బిడ్డ మీదికెల్లి తీర్చుకుందామనుకున్నది."

ముక్కు ఎగబీల్చింది. ఏడుస్తున్నదా అని చూసిన. పుస్తకం మూసి ఒళ్ళె పెట్టుకున్నది.

"కేసు వీకున్నది" అన్నది. "కాయిదాలు ఆమె చేతులతోనే ఇచ్చింది గద. ఆ ఒక్కటే పట్టుకుంటరు వాళ్ళు."

"మరేం చెయ్యాలె వకీలమ్మా?"

"ఆమె వచ్చి అందరి ముంగట చెప్పాలె. ఇప్పుడు నాకు చెప్పిందే. చెప్తదా?"

"చెప్తది" అన్న.

"చాయ్ తాగొద్దు ఆడ. చాయ్ తాగితే సగం ఓడిపోయినట్టే."

నెలన్నరకు నా బిడ్డ గొంతు ఇన్న. కొంగు నోట్లె కుక్కుకొని వంటింట్లకు పోయిన.

జూలై 10

ఇయ్యాల్టిది ఉన్నదున్నట్టు రాసుకోవాలె.

ప్రిన్సిపాల్ సారు మళ్ల చాయ్ చెప్పిండు. "వద్దు సార్" అన్న. వర్షిత కూసోలే, నిలబడే మాట్లాడింది.

"సార్, ఆ మెమో మీద నా పేరున్నది. మా బాపు పేరున్నది. మీ కాలేజీ పేరు యాడుంది?"

"అమ్మా, అడ్మిషన్ అయినంక..."

"అడ్మిషన్ అయ్యేటప్పుడు నన్ను ఎవలన్న అడిగిన్రా సార్? ఒక్కరు? ఏ గ్రూపు బిడ్డా అని? అడగలే గదా. పోనీ ఇప్పుడడుగున్రి, చెప్త."

ఆయన నవ్వబోయి ఊకున్నడు. ఆఫీసుల టైపు కొట్టేటామె కొట్టుడు ఆపింది. తలుపు కాడ అరుణ్ నిలబడ్డడు, చేతుల చాక్‌పీసు.

సారు నా దిక్కు తిరిగిండు. "మేడం, పిల్ల చిన్నది. మీరు చెప్పున్రి. మీరే గదా ఇచ్చింది?"

నిన్నటి లెక్కనే తల ఊపబుద్ధయింది. వర్షిత నా దిక్కు చూడలే. చూస్తే నేను ఆమె కోసం చెప్పినట్టయితదని కావొచ్చు.

"నేనే ఇచ్చిన సార్. పిల్లను అడగకుంట ఇచ్చిన. నాకు బైపీసీ ఇష్టం, పిల్లకు కాదు. తప్పు నాది. పిల్ల కాయిదాలు పిల్లకియ్యిన్రి. ఇచ్చేదాంక ఈడనే కూసుంట, మిషన్ తెప్పిచ్చుకొని ఈడనే కుడ్త. నాకు యాడ కూసున్నా ఒక్కటే."

మిషన్ ముచ్చట ఎట్లొచ్చిందో నాకే తెల్వదు. టైపామె పక్కున నవ్వింది.

సారు ఇంకా ఏదో అనబోయిండు. అరుణ్ లోపలికొచ్చి బీరువా తీసిండు. ఫైలు తీసి, దుమ్ము దులిపి, సారు దిక్కు చూడకుంట వర్షిత చేతుల పెట్టిండు.

"పో. మామ మీద గెలిచినవు" అన్నడు.

"మామా, నేను నీ మీద కొట్లాడలే" అన్నది వర్షిత. వాడు ఇనకుంట క్లాసుకు పోయిండు.

బయట గేటు కాడ నా చెయ్యి పట్టుకున్నది. కాళ్ళు వణుకుతున్నయి దానివి. నాయి గూడ.

జూలై 14

సర్కారు కాలేజీ. బల్ల కాడ మేడం మెమో చూసి కండ్లద్దాలు పైకి జరుపుకున్నది. "ఇన్ని మార్కులొచ్చి సీఈసీయా? ఎవలన్న జబర్దస్తి చేసిన్రా అమ్మా?"

"లేదు మేడం. పిల్ల ఇష్టం. నేనేం జబర్దస్తి చేస్తలేను" అన్న.

వర్షిత, షారోన్ ఒకళ్ళ మొఖం ఒకళ్ళు చూసుకొని పడీ పడీ నవ్విన్రు. ఏం నవ్వుడే అది, లైన్ల ఉన్నోళ్ళందరు తిరిగి చూసిన్రు. నేను గూడ నవ్విన. నవ్వుకుంటనే ఏడ్చిన.

గల్లీల అడిగిన్రు. సీఈసీ అని గట్టిగనే చెప్పిన. చెప్తే ఏం కాలే.

జూలై 20

అరుణ్ ఫోన్ ఎత్తుతలేడు.

బ్యాంకు మేడం కొత్త గుడ్డ కోసం వచ్చింది. వర్షిత ఎదురుకోలు పోయింది. ఏం మాట్లాడిన్రో నేను ఇనలే, ఊకెనే పొయ్యి కాడ నిలబడి చెవులు ఆడనే పెట్టిన. మేడం ఆ పొడుగు చేతుల జాకెట్టే పట్టుకొని పోయింది.

ఆగస్టు 2

వర్షిత పుస్తకాలు సదురుకుంట బాటనీ నోట్సు తీసింది. పాత పేపర్లల్ల ఏస్తదేమోనని చూసిన. నా మిషన్ మీద పెట్టింది.

"ఇంకా సగం పేజీలు ఖాళీగున్నయి" అని పోయింది.

గీస్తున్న. ఎవలకు చూపియ్యాలె, ఎందుకు గీయాలె అని అడగకు. నాకు మంచిగనిపిస్తున్నది, గీస్తున్న.

ఆగస్టు 28, రాఖీ పున్నం

పోవాల్నా వద్దా అని పొద్దటికాంచి చీరె మార్చుకుంట కూసున్న. వర్షిత తొందర పెట్టింది. పోయినం.

అరుణ్ తలుపు తీసి పక్కకు జరిగిండు, రమ్మనలే. కూసోపెట్టి రాఖీ కట్టిన. చెయ్యి ముంగటికి పెట్టిండు గని మొఖం పక్కకు తిప్పుకున్నడు. మిఠాయి నోట్లె పెడితే నమిలిండు. నౌకరేమన్న అయిందారా అని అడిగిన. పోలేదట. మర్కూక్ దిక్కు పోయి ఒక పోరన్ని తెచ్చి వర్షిత జాగల కూసోపెట్టిండట. "వాడు మస్తు చదువుతడు. నోరు లేదు" అన్నడు. వర్షిత నవ్వింది. వాడు నవ్వలే గని నవ్వబోయిండు.

అప్పుడు ఈ పోరి, నాకు ఒక్క మాట చెప్పకుంట సంచిలకెల్లి నోట్సు తీసి వాని ముంగట పెట్టింది. "నన్ను అడగకుంట ఎందుకు తెచ్చినవే?" అన్న. "అడిగితే వద్దంటవు గద" అన్నది! నా మాట నాకే.

అరుణ్ పేజీలు తిప్పిండు. మెల్లగ తిప్పిండు. మందార పువ్వు కాడ ఆగిండు. "ఇది ఎవలు గీసిన్రు?"

నేను రాఖీ పళ్ళెం సదురుకుంట కూసున్న.

జేబులకెల్లి ఎర్ర పెన్ను తీసిండు. ఒక పేజీల పెద్ద సున్న చుట్టిండు. "అక్కా, ఇది వేరు అడ్డుకోత అని రాసినవు. జైలం, ఫ్లోయం జోడీగ ఒక్క దగ్గర గీసినవు, అది కాండంల ఉంటది. వేర్ల వేర్వేరుగ ఉంటయి. చూడకుంట గీసినట్టున్నవు." వాడు నెలన్నర దాటినంక నాతోని మాట్లాడిన మొదటి పెద్ద మాట అది. తిట్టే గొంతుతోనే అన్నడు.

"గీత మాత్రం మంచిగున్నది" అని కింద సంతకం పెట్టి తేదీ ఏసిండు. "ఇది రేపటికి దిద్ది, ఫోటో తీసి పంపియ్యి. పంపకుంటే మళ్ల చూడ."

వచ్చేటప్పుడు బస్సుల కిటికీ పక్కన కూసున్న. వర్షిత కండక్టర్‌తోని ఏదో టికెట్ పంచాయితి పెట్టుకున్నది, బస్సంత ఇంటున్నది. నేను నోరు ముయ్యమనలే. నోట్సు ఒళ్ళె పెట్టుకొని ఆ ఎర్ర సున్నను చూసుకుంట వచ్చిన.

ఇగ ఈ డైరీ మూస్త. నాకు ముప్పై ఆరేండ్లు. రేపటికి హోంవర్కున్నది.